పానా పట్టే ముందు

మిల్లింగ్ మిషన్‌లో కట్టర్‌ను తిప్పే స్పిండిల్ పట్టేసిందంటే చాలా షాపుల్లో ముందు గుర్తొచ్చేది పెద్ద పానా. దానికి పొడుగాటి పైపు తొడిగి ఇద్దరు మనుషులు వేలాడతారు. కాసేపటికి లోపల ఏదో టక్కుమంటుంది, స్పిండిల్ కదులుతుంది, ఆగిన పని మళ్లీ మొదలవుతుంది. కొన్నాళ్లకు అదే స్పిండిల్ అంతకంటే గట్టిగా పట్టేస్తుంది. ఈ వారం నా మాట ఒక్కటే. పట్టేసిన స్పిండిల్‌ను కదిలించినంత మాత్రాన మరమ్మతు చేసినట్టు కాదు. ఎందుకు పట్టేసిందో తేలే దాకా బలం వాడకుండా ఉండటమే మరమ్మతులో మొదటి పని. యంత్రం ఆగిపోయిన స్థితిలోనే కారణం తాలూకు గుర్తులన్నీ పదిలంగా ఉంటాయి. బలం వాడగానే అవి చెరిగిపోతాయి. కాబట్టి కారణం కనిపెట్టడాన్ని ఒక విడి విద్యగా గుర్తించాలి, దానికి విడిగా కూలి కట్టాలి. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఉన్న చిన్న వర్క్‌షాపులకు ఇది బతుకుతెరువుకు సంబంధించిన విషయం.

ఈ ప్రాంతం పేరు ఎత్తడానికి కారణం ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించినప్పటి నుంచి ఈ నేల యంత్రాలతో ముడిపడింది. 1920లో సింగరేణి కాలరీస్ ఆ పేరుతో కంపెనీ అయింది. ఇవాళ కొత్తగూడెంలో దాని మెయిన్ వర్క్‌షాప్, పాల్వంచలో థర్మల్ కేంద్రం, సారపాకలో పేపర్ బోర్డుల మిల్లు, అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం, అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ, ఖమ్మం చుట్టూ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. పెద్ద సంస్థల అవసరాలు వాటి సొంత వర్క్‌షాపులు చూసుకుంటాయి. రైసుమిల్లు షాఫ్టుకు కీవే కొట్టడం, ట్రాక్టరు గేరుకు పళ్లు తీయడం, గ్రానైట్ మిషన్ ఫ్లాంజిని సరిచేయడం లాంటివి చిన్న షాపుల మీదే పడతాయి. అలాంటి షాపుల్లో కనిపించే మిల్లింగ్ మిషన్లలో చాలావరకు చేతులు మారి వచ్చిన పాతవే. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్‌వి, హెచ్‌ఎంటీవి, బటాలా, లూథియానా వైపు నుంచి వచ్చినవి. వాటిని తయారుచేసినవాళ్లు వచ్చి చూసే రోజులు దాదాపు పోయాయి. మౌలాలిలోని హెచ్‌ఎంటీ బేరింగ్స్‌ను మూసేయాలని కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో నిర్ణయించడం ఆ మార్పుకు ఒక గుర్తు. స్పిండిల్ బేరింగ్ కావాలంటే విజయవాడో, సికింద్రాబాద్ రాణిగంజో పోవాలి. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైచిలుకు. కారణం తప్పుగా అంచనా వేసి తప్పు సామాను తెచ్చిన ప్రతిసారీ ఆ దారి మళ్లీ తొక్కాలి. నగరంలో ఆ పొరపాటుకు ఒక పూట పోతే ఇక్కడ రెండు రోజులు పోతాయి.

ఇంతకూ పట్టేసింది స్పిండిలేనా? అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. స్విచ్ వేస్తే మోటారు గుయ్యిమంటూ మూలుగుతుంది, కట్టర్ తిరగదు. అది చూసి స్పిండిల్ జామ్ అయిందని తేల్చేస్తారు. కానీ త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజ్ పోయినా లక్షణం సరిగ్గా అదే. రెండు ఫేజుల మీద మోటారుకు బయలుదేరే బలం రాదు. కదలకుండా కరెంటు మాత్రం విపరీతంగా లాగుతుంది, వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది. గాలివానకు లైన్లు తెగే అడవి పక్క ఊళ్లలో ఇది అరుదైన సంగతేమీ కాదు. ఫ్యూజు ఎగిరినా, స్టార్టర్‌లో ఒక కాంటాక్ట్ మాడినా ఇదే కథ. టెస్ట్ ల్యాంపుతో మూడు ఫేజులూ చూడటానికి నిమిషాలు చాలు. ఆ నిమిషాలు పెట్టకుండా మిషన్ తల విప్పితే, ఏ దోషమూ లేని బేరింగులకు దుమ్ము తగిలించినవాళ్లమవుతాం. గ్రానైట్ పొడి గాల్లో తేలే ఊళ్లో తెరిచిపెట్టిన బేరింగ్ దక్కడం కష్టం.

కరెంటు సరిగానే ఉందని తేలాక మెయిన్ తీసి, ఫ్యూజులు జేబులో వేసుకుని, యంత్రాన్ని సగానికి విడదీసి చూడాలి. బెల్టు తప్పిస్తే మోటారు ఒకవైపు, స్పిండిల్ ఒకవైపు అవుతాయి. ఏది తిరగడం లేదో చేతికే తెలుస్తుంది. స్పిండిల్ వైపే తప్పు ఉంటే గేరు లివర్‌ను న్యూట్రల్‌లో పెట్టి మరోసారి సగం చేయాలి. హారిజాంటల్ మిషన్ అయితే ఇక్కడ చాలామంది మరిచిపోయే ఒక చోటు ఉంది. కట్టర్ తొడిగే ఆర్బర్ కడ్డీ అవతలి కొసను పట్టుకునే సపోర్టులో గన్‌మెటల్ బుష్ ఉంటుంది. దానికి నూనె అందకపోతే అదే ఆర్బర్‌ను కరిచి పట్టేస్తుంది. సపోర్టు తీస్తే స్పిండిల్ హాయిగా తిరుగుతుంది. వర్టికల్ మిషన్లలో స్పిండిల్ బ్రేకు పూర్తిగా వదలకపోవడం, హై-లో గేరు సగంలో ఆగి రెండు వేగాలూ ఒకేసారి కలవడం ఇలాంటి మోసమే చేస్తాయి. ఇవన్నీ బయటి నుంచి, ఒక్క బేరింగ్ కూడా ముట్టుకోకుండా తేలే విషయాలు. ప్రతి పరీక్షా అనుమానితుల్లో సగాన్ని తప్పిస్తుంది కనుక నాలుగైదు మెట్లలోనే దోషం ఉన్న చోటికి చేరతాం. ముందు తేలికైనవి, విప్పక్కర్లేనివి, వెనక్కి తీసుకోగలిగినవి చూడాలి. విప్పడం అన్నిటికంటే చివర. పెట్టుకున్న ప్రీలోడ్ (బేరింగులో ముందే ఉంచిన బిగింపు), కూర్చున్న సీటింగ్ ఒకసారి విప్పితే మళ్లీ ఉన్నదున్నట్టుగా రావు.

దోషం స్పిండిల్ వైపే అని తేలాక కూడా తొందర కూడదు, ఎందుకంటే పట్టేయడంలో రకాలున్నాయి. స్పిండిల్ రెండు మూడు డిగ్రీలు సులువుగా కదిలి అక్కడ గోడకు తగిలినట్టు ఆగితే ఆ కాస్త ఆట గేరు పళ్ల మధ్యది. బేరింగ్ బాగానే ఉంది, విరిగిన పన్నో తెగిన కీ ముక్కో గేర్ల నడుమ ఇరుక్కుంది. వెంట్రుకవాసి కూడా కదలకపోతే బేరింగునో బ్రేకునో అనుమానించాలి. బరువుగానే అయినా చుట్టంతా ఒకే తీరుగా తిరిగితే బిగింపు ఎక్కువైందని అర్థం. ఒకే చోట ప్రతి చుట్టులోనూ తడితే అక్కడ గుంటో, పగిలిన బాలో, విరిగిన కేజో (బాల్స్‌ను విడివిడిగా పట్టి ఉంచే చట్రం) ఉంటుంది. ఇసుక నలిగినట్టు గరగరలాడితే మురికి గానీ తుప్పు గానీ చేరింది. చేతికి తెలిసే ఈ తేడాలు ఊహలు కావు. బేరింగులు చెడిపోయే తీరును అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15243 ఆరు తరగతులుగా విడదీసింది: అలసట, అరుగుదల, తుప్పు, కరెంటు దెబ్బ, రూపు మారడం, విరగడం. అనుభవమున్న ఫిట్టరు అరచేతికి తెలిసేదీ ఆ పట్టికా చాలాచోట్ల ఒకే విషయాన్ని చెబుతాయి. పైపు తొడిగిన పానాతో తిప్పినప్పుడు సరిగ్గా ఈ తేడాలే మాయమవుతాయి. తుప్పు ముక్కలు నలిగి బాల్స్ తిరిగే బాటలో గుంటలు పడతాయి, కేజ్ విరుగుతుంది. తర్వాత విప్పి చూస్తే ఆ గుంటలు రోగానివో మన వైద్యానివో ఎవరూ చెప్పలేరు.

చేతి స్పర్శ తర్వాత రెండో సాక్షి కాలం. ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏం జరిగింది అని ఆపరేటర్‌ను అడగాలి. అది కూడా మందలించే గొంతుతో అడగకూడదు. తప్పు తన మీదికి వస్తుందని భయపడిన కుర్రాడు నిజం చెప్పడు, అతను చెప్పని ముక్కే మనకు కావలసింది. పెద్ద చప్పుడు చేసి ఆగితే విరిగినదేదో ఉంది. రోజుల తరబడి సన్నగా ఏడ్చి ఆగితే గ్రీజు ఎండిపోయింది. చాలాకాలం ఖాళీగా ఉండి, స్విచ్ వేసిన మొదటి క్షణంలోనే కదలకపోతే తుప్పు. ఉదయమంతా నడిచి, వేడెక్కి ఆగి, రాత్రంతా చల్లారాక మళ్లీ చేతికి తిరిగితే ప్రీలోడ్ బిగుతు. ఈ చివరిది అతి ముఖ్యమైన ఆధారం, అతి సులువుగా పోగొట్టుకునేది కూడా. వేడి మీద ఆగిన స్పిండిల్‌ను చల్లారేదాకా వదిలేయడానికి ఓపిక లేక అప్పుడే పానా వేస్తే ఆ సాక్ష్యం ఇక దొరకదు.

ప్రీలోడ్ విషయంలో మన షాపుల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది, ఎండకు స్పిండిల్ పట్టేస్తుందని. కొత్తగూడెం ఎండలు తెలిసినవాళ్లు ఆ మాట అనడంలో వింత లేదు. మే నెలలో రేకుల షెడ్డు కింద ఏ యంత్రాన్ని ముట్టుకున్నా చెయ్యి కాలుతుంది. కానీ లెక్క వేరుగా చెబుతుంది. ఎండకు స్పిండిలూ దాని చుట్టూ ఉన్న పోత ఇనుప బాడీ దాదాపు ఒకే తీరుగా వేడెక్కుతాయి, రెండూ ఇంచుమించు సమానంగా పెరుగుతాయి, మధ్య సందు పెద్దగా మారదు. పట్టేయించేది లోపలికీ బయటికీ ఉన్న తేడా. ఉక్కు మీటరు పొడవుకు ఒక డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 80 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్పిండిల్ తన బాడీ కంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే వ్యాసం దాదాపు 10 మైక్రాన్లు పెరుగుతుంది. ఇప్పుడు బిగించే నట్టు సంగతి చూడండి. పెద్ద స్పిండిళ్లలో ముందువైపు వాడే రెండు వరుసల రోలర్ బేరింగ్ లోపలి రంధ్రం 1:12 వాలుతో ఉంటుంది. నట్టు మర పిచ్ 1.5 మిల్లీమీటర్లయితే, దాన్ని చుట్టులో పన్నెండో వంతు తిప్పితే బేరింగ్ 0.125 మిల్లీమీటర్లు జరుగుతుంది, వాలు లెక్కన వ్యాసంలో దాదాపు 10 మైక్రాన్లు బిగుస్తుంది. అంటే గడియారంలో ఒక గంట గుర్తు నుంచి మరో గుర్తుకు ఉన్నంత దూరం నట్టు ఎక్కువ తిప్పితే 10 డిగ్రీల వేడిని ముందే బేరింగులో పెట్టేసినట్టే. మిషన్ పైన కంపిస్తోందని, ఫినిషింగ్ రావడం లేదని ఇంకొంచెం బిగించినవాళ్లు ఆ సాయంత్రం స్పిండిల్ ఆగిపోతే నింద ఎండ మీద వేస్తారు. ఎండ చేసే కీడు వేరే ఉంది. నూనెనూ గ్రీజునూ పలచబరుస్తుంది. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకూ గ్రీజు ఆయుష్షు సగమవుతుందని బేరింగ్ తయారీదారులు చెప్పే లెక్క. ఎండను నమ్మితే ఫ్యాను పెడతాం, లెక్కను నమ్మితే నట్టు వదులు చేస్తాం. కారణం మారితే చికిత్స మొత్తం మారిపోతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

గ్రీజు గురించి కూడా ఇదే తరహా తొందరపాటు నడుస్తోంది. ఆగిన స్పిండిల్‌కు గ్రీజు కొట్టడం పుణ్యకార్యంలా చేస్తారు. బేరింగులోని ఖాళీలో మూడో వంతుకు మించి నింపితే వేగంగా తిరిగే స్పిండిల్ ఆ గ్రీజును చిలికి చిలికి తానే వేడెక్కుతుంది. ట్రాక్టరు హబ్బుకు వాడే డబ్బాలోంచి తీసి స్పిండిల్‌కు పెట్టడం ఇంకో ప్రమాదం. లిథియం సబ్బుతో చేసిన గ్రీజులో బంకమట్టి ఆధారమైన గ్రీజు కలిస్తే రెండూ పాడై, పలచబడి కారిపోవచ్చు. పైకి గ్రీజు కనిపిస్తూనే ఉంటుంది, లోపల బాటలు ఎండిపోతాయి. అందుకే కొత్త గ్రీజు పెట్టేముందు పాతదాన్ని వేలి మీద తీసుకుని వెలుతురులో చూడాలి. నల్లగా మాడు వాసన వస్తే వేడి, తెల్లగా పాలలా ఉంటే నీళ్లు, పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి కేజ్ అరుగుతోంది, అయస్కాంతానికి అంటే పొడి ఉంటే ఉక్కు పోతోంది. ఆ వేలెడు గ్రీజు యంత్రం మనకు రాసిచ్చిన వాంగ్మూలం. దాన్ని గుడ్డతో తుడిచి పారేయడం సాక్ష్యాన్ని పారేయడమే.

గోదావరి పక్కన నీళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. ఆ స్థాయిలో వరద వస్తే నీరు మోటార్లనూ గేర్‌బాక్సులనూ ముంచి, ఒండ్రును లోపల వదిలి పోతుంది. నీరు తీశాక చాలామంది మొదట చేసేది మోటారు ఆరబెట్టి స్విచ్ వేయడం. మోటారు బతుకుతుంది, స్పిండిల్ చస్తుంది. నిలవున్న నీరు బేరింగులో బాల్స్ తగిలే చోట్లనే తుప్పు గుర్తులు వేస్తుంది. విప్పి చూస్తే బాట మీద సమాన దూరాల్లో మరకలు కనిపిస్తాయి. అది నిలిచి ఉన్నప్పుడు పట్టిన తుప్పు, నడుస్తుండగా వచ్చింది కాదు. మునగని యంత్రాలకూ వానాకాలం ముప్పు ఉంది. నెలల తరబడి ఖాళీగా ఉంటే ముసురు తేమ చాలు. వారానికోసారి స్పిండిల్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పితే నూనె పొర మళ్లీ పరుచుకుంటుంది. ఖర్చు లేని ఈ వైద్యం కూడా కారణం తెలిసినవాడికే తడుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది సమయం. కోతల కాలంలో మిల్లు షాఫ్టు కోసం కస్టమర్ కూర్చుని ఉంటే ఈ విచారణలన్నీ ఎవరికి కుదురుతాయి అంటారు. నిజమే, ఆగిన ప్రతి గంటా ఆదాయం పోయే గంటే. కానీ ఫేజులు చూడటం, బెల్టు తప్పించడం, సపోర్టు తీయడం, చేత్తో తిప్పి చూడటం, గ్రీజు చూడటం కలిపినా తల విప్పి దించడంలో చిన్న భాగమే. వాటిలో ఒక్కటి నిజమైనా విప్పడమే తప్పుతుంది. ఏదీ నిజం కాకపోయినా ఏ బేరింగ్ కొనాలో తెలిసి బండెక్కుతాం. రెండో అభ్యంతరం మరీ గట్టిది. ఎలాగూ విప్పాక బేరింగులన్నీ కొత్తవి వేసేస్తే కారణంతో పనేమిటి అంటారు. కారణం బేరింగులోనే పుట్టి ఉంటే ఆ మాట చెల్లుతుంది. ఎక్కువసార్లు బేరింగ్ చనిపోయిన మనిషే తప్ప చంపినవాడు కాదు. ఎక్కువ బిగించిన నట్టు, చిరిగిన ఆయిల్ సీల్, తప్పు గ్రీజు, వంగిన ఆర్బర్ అలాగే ఉంటే కొత్త బేరింగ్ కూడా అదే చావు చస్తుంది. పైగా స్పిండిల్‌కు వాడేది మామూలు బేరింగ్ కాదు, ఎక్కువ కొలత శుద్ధి ఉన్న రకం. అదే నంబరుతో మామూలు రకం చవగ్గా దొరుకుతుంది, కూర్చుంటుంది, తిరుగుతుంది, కానీ పనిలో కొలత రాదు. ఖరీదైన సామాను రెండుసార్లు కొనడం కంటే ఒకసారి ఆలోచించడం చవక.

మూడో అభ్యంతరం కొత్త తరానిది. కంపనాలు కొలిచే సెన్సర్లు, వేడిని చూసే కెమెరాలు వచ్చాక చేతి స్పర్శ గురించి మాట్లాడటం పాతకాలపు మాట అంటారు. సెన్సర్ల మీద నాకు గౌరవం ఉంది. నిరంతరం నడిచే పెద్ద మిల్లులకు అవి వరం. కానీ సెన్సర్ మాట్లాడేది యంత్రం తిరుగుతున్నప్పుడే, పట్టేసిన స్పిండిల్ కంపించదు. అది చెప్పేది కూడా ఏ భాగం చెడుతోందనే. నట్టు ఎవరు ఎంత బిగించారో, ఏ గ్రీజు కలిసిందో అది చెప్పదు. ఆ ప్రశ్న మనిషే అడగాలి. ప్రశ్న అడగడం నేర్చినవాడి చేతిలో సెన్సర్ పదునెక్కుతుంది. పాత మిషన్ అమ్మేసి కొత్తది కొనుక్కోమనేవాళ్లకు ఇదే జవాబు. కారణం వెతకని షాపులో కొత్త స్పిండిల్ కూడా పాతదాని దారినే పోతుంది. బలం ఎప్పుడూ వాడకూడదని కాదు నా వాదన. తుప్పే పట్టిందని తేలాక తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా నాననిచ్చి, పుల్లర్‌తో నిదానంగా లాగాల్సిందే. అప్పుడు బలం నిర్ణయం తర్వాత వచ్చింది, నిర్ణయానికి బదులుగా రాలేదు.

అయితే ఈ విద్య ఎందుకు పెరగడం లేదు? మనం దానికి డబ్బు కట్టడం లేదు కనుక. బిల్లులో బేరింగ్ ధర ఉంటుంది, విప్పి బిగించిన కూలి ఉంటుంది. ఫేజ్ పోయిందని ఐదు నిమిషాల్లో చెప్పి తల విప్పకుండా కాపాడిన ఫిట్టరుకు టీ డబ్బులు ఇస్తారు, అనవసరంగా తల విప్పినవాడికి రెండు రోజుల కూలి ఇస్తారు. ఇలాంటి లెక్క ఉన్నచోట పానా పట్టడమే తెలివైన పనిగా కనిపిస్తుంది. దీన్ని మార్చడం యజమానుల చేతిలో ఉంది. బిల్లులో మొదటి వరుస కారణానిది కావాలి: ఎందుకు ఆగింది, ఏ ఆధారంతో అలా అన్నాం, దానికి రుసుము ఎంత. కారణం తేలకపోతే తేలలేదనే రాయాలి, అది రేపు చూసేవాడికి పనికొస్తుంది. ప్రతి మిషన్‌కూ ఒక కార్డు వేలాడదీసి గ్రీజు పెట్టిన తేదీ, గ్రీజు రకం, నట్టు ఎంత తిప్పారో రాయాలి. ఐటీఐలలో మెషిన్ టూల్ మెయింటెనెన్స్ ఒక ట్రేడుగా ఉంది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకుంది. సీఎన్‌సీలూ రోబోలూ వచ్చే ఆ షెడ్లలో పట్టేసిన పాత స్పిండిల్ ఒకటి కూడా ఉంచాలి. పానా ముట్టుకోకుండా దోషం ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో కాగితం మీద రాసిచ్చిన విద్యార్థికే దాన్ని విప్పే అనుమతి ఇవ్వాలి. అలా నేర్చిన పిల్లలు మణుగూరులోనో బూర్గంపాడులోనో షాపు పెట్టుకున్న రోజున, ఆ ఊరి మిల్లు యజమాని రాణిగంజ్ బండెక్కేముందు వాళ్ల దగ్గరికి వచ్చి, వాళ్లు చెప్పే కారణానికి డబ్బు కడతాడు. అడవి అంచున వర్క్‌షాపు నిలబడటానికి అంతకంటే గట్టి పెట్టుబడి నాకు కనిపించడం లేదు.